కుక్కని ట్రైనర్‌కి అప్పగించాలా, క్లబ్‌కి మనమే వెళ్ళాలా?

తోకాడిస్తా: మా ల్యాబ్రడార్ కుక్కకి ఏడు నెలలు. నడకకి తీసుకెళ్తే అదే నన్ను ఈడ్చుకెళ్తోంది. ఒక ట్రైనర్ నెల రోజులు తన దగ్గర ఉంచితే అన్నీ నేర్పి పంపిస్తానంటున్నాడు. కుక్కలకి శిక్షణ ఇచ్చే క్లబ్‌లో అయితే వారానికి ఒక్క క్లాసు, అదీ నేనే పక్కనుండి చేయించాలట. ఆఫీసు పనితో నాకు తీరిక తక్కువ. మీరేమంటారు?

సూటిమాట: అప్పగించెయ్యండి. చెయ్యి తిరిగినవాడు నేర్పితే ఆ తీరే వేరు. క్లబ్‌లో సగం టైమ్ మన వంతు కోసం నిలబడటానికే సరిపోతుంది.

నిదానం: సూటిమాట గారూ, ట్రైనర్ నేర్పలేడని ఎవరూ అనరు. నేర్పుతాడు, కుక్క వింటుంది కూడా... ఆయన మాట! చిక్కంతా అక్కడే. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట దానంతట అది చెయ్యడం కుక్కకి కష్టం. మైదానంలో బుద్ధిగా కూర్చున్నదే, ఇంట్లో కాలింగ్ బెల్ మోగేసరికి ఆ మాట ఎప్పుడూ విననట్టు ఉంటుంది. మనిషి మారినా, చోటు మారినా మళ్ళీ నేర్పుకోవాలి.

పైగా మంచి క్లబ్‌లో ట్రైనర్ కళ్ళు ఎక్కువగా మన మీదే ఉంటాయి. ఎదురుగా ఇంకో కుక్క కనిపించగానే మనకి తెలియకుండానే లీష్ (కుక్కని పట్టుకునే తాడు) బిగించేస్తాం. ఆ బిగువు మెడకి తగలగానే దానికీ టెన్షన్, మొరుగుడు మొదలు. ‘సిట్’ అనకముందే మన చెయ్యి బిస్కెట్ కోసం జేబులోకి పోతుంది, అది జేబు చూసి కూర్చుంటుంది. ‘సిట్ సిట్ సిట్’ అని మూడుసార్లు అంటే మూడోదానికి కూర్చుంటే చాలని నేర్చుకుంటుంది. కూర్చున్నాక మనం ప్యాకెట్ విప్పేలోపు లేచేస్తుంది. అప్పుడిచ్చిన ముక్క లేచినందుకు ఇచ్చినట్టే. కుక్కని ఒక్కదాన్నే పంపిస్తే ఈ అలవాట్లన్నీ మనతోపాటు ఇంట్లోనే ఉండిపోతాయి.

సూటిమాట: బిస్కెట్ ఉంటేనే వింటే అది వినడమా? లంచం. ఇంట్లో బాస్ ఎవరో తెలియాలి. లాగితే మెడకి బిగుసుకునే చోక్ చైన్ వేసి రెండు గుంజులు గుంజితే నడక దారికొస్తుంది. తోడేళ్ళ గుంపులో పెద్దది పళ్ళు చూపిస్తే మిగతావి తోక ముడవట్లేదూ?

పంజా: ఆ తోడేళ్ళ కథ పాతదండీ. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి రాసింది. ఆ కథని ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మీచ్, అడవిలో వాటిని ఏళ్ళ తరబడి గమనించాక, గుంపంటే చాలావరకు అమ్మా నాన్నా పిల్లలేనని 1999లో తనే రాశాడు.

చోక్ చైన్ గుంజితే ఆగుతుంది, నిజమే. కానీ ఆ నొప్పి పుట్టిన క్షణంలో ఎదురుగా ఓ చిన్నపిల్లాడుంటే, నొప్పిని ఆ పిల్లాడికి ముడిపెట్టుకునే ప్రమాదం ఉంది. అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ అనే పశువైద్యుల సంఘం 2021లో, దూకుడుగా ఉండే కుక్కలతో సహా అన్నిటికీ బహుమతి పద్ధతే వాడమంది. ఇక లంచం అంటారా, లంచం పనికి ముందు చూపిస్తారు, జీతం పని అయ్యాక ఇస్తారు. బాగా అలవాటయ్యాక బిస్కెట్ ఎప్పుడో ఒకసారి ఇస్తే చాలు.

సూటిమాట: పరిశోధన పేపర్లు రాసేవాళ్ళని ముప్ఫై కిలోల కుక్కని రోడ్డు మీద ఆపి చూపించమనండి! నడుం నొప్పి ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు మైదానంలో దాంతో కుస్తీ పడతారా?

నిదానం: ఈ మాట ఒప్పుకుంటా. అలాంటివాళ్ళకి మొదటి పాఠాలు ట్రైనర్ చెప్పడంలో తప్పులేదు. లీష్‌ని ఛాతీ ముందు తగిలించే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) వేసినా లాగుడు కొంత తగ్గుతుంది. కానీ నెలపాటు యజమానిని రావద్దంటే మాత్రం నాకు అనుమానమే. మూసిన గేటు వెనక ఎలా నేర్పుతున్నాడో ఎవరు చూశారు?

తోకాడిస్తా: రావద్దనే అన్నాడండి, నన్ను చూస్తే దాని ధ్యాస చెదురుతుందట. సరే, క్లబ్ అయితే ఇంట్లో రోజూ ఎంతసేపు పడుతుంది?

నిదానం: ఐదేసి నిమిషాలు, రెండు మూడు సార్లు. తిండి గిన్నె పెట్టేముందు ఒకసారి, గుమ్మం దాటేముందు ఒకసారి. నడకలో లాగితే ఆగిపోండి, లీష్ వదులయ్యాకే అడుగెయ్యండి. మొదట్లో వీధి చివరికి చేరడానికే ప్రాణం విసిగిపోతుంది. ఇంట్లో అందరూ ఇదే పాటించాలి. మీరు ఆగి, మీవాళ్ళు దాని వెనక పరిగెడితే లాభం లేదు.

పంజా: చేరేముందు కుక్క లేకుండా వెళ్ళి ఓ క్లాసు చూసి రండి. చూడనివ్వకపోతే ఆ క్లబ్ కూడా వద్దు.

సూటిమాట: చూసి రండి. రెండు వారాలకి ఓపిక అయిపోయి ట్రైనర్ నంబరే వెతుక్కుంటారు.