ఇంటికి స్మార్ట్ లాక్ కొనేటప్పుడు భద్రత కోసం ఏమేమి చూడాలి?

ప్రశ్న:

నమస్కారం. విజయవాడలోని మా ఫ్లాట్‌లో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నందున పనిమనిషి వచ్చినప్పుడల్లా లేచి తలుపు తీయడం కష్టంగా ఉంది. అందుకే స్మార్ట్ లాక్ పెట్టిద్దామనుకుంటున్నాను. వేలిముద్ర, పిన్, కార్డు, బ్లూటూత్, వై-ఫై, మామూలు తాళంచెవి అని ఆరు విధాలుగా తెరుచుకునే తాళాన్ని దుకాణంలో చూపించారు. ఇన్ని విధాలుండటం మంచిదేనా? హ్యాకింగ్ భయం ఎంతవరకు నిజం? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం:

తాళం తెరుచుకునే ప్రతి మార్గాన్నీ మనం విడిగా కాపాడుకోవలసి ఉంటుంది కనుక, ఆరు మార్గాలు ఉండటం నా దృష్టిలో గొప్ప కాదు. మీ ఇంటికి అవసరమైనవి రెండో మూడో నిర్ణయించుకుని, మిగిలినవాటిని పూర్తిగా ఆపివేయడానికి వీలిచ్చే తాళాన్నే ఎంచుకోండి.

ముందుగా వదులుకోదగినది కార్డు. చవక తాళాలతో వచ్చే 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే కార్డులలో చాలావాటిలో ఒక సంఖ్య తప్ప మరే రక్షణా ఉండదు, వాటికి నకలు తీసే పరికరాలు బజారులో తక్కువ ధరకే దొరుకుతాయి. కాస్త మెరుగైనవిగా చెప్పే మైఫేర్ క్లాసిక్ అనే రకం కార్డుల రహస్య సంకేత పద్ధతిని పరిశోధకులు 2008లోనే ఛేదించారు.

పిన్ నాలుగు అంకెలదైతే 10,000 అవకాశాలు, ఆరు అంకెలదైతే 10 లక్షల అవకాశాలు ఉంటాయి. అయితే రోజూ అవే మీటలు నొక్కడం వల్ల వేళ్ల జిడ్డు నాలుగు అంకెల మీదే కనిపిస్తే, ఆ 10,000 కాస్తా 24కు పడిపోతాయి. కాబట్టి అసలు పిన్‌కు ముందూ వెనకా అదనపు అంకెలు నొక్కే వీలుందా, వరుసగా కొన్నిసార్లు తప్పు నొక్కితే తాళం కాసేపు స్పందించకుండా ఆగుతుందా అని అడగండి. పనిమనిషికి ఆమె వచ్చే వేళల్లో మాత్రమే పనిచేసే వేరే పిన్ ఇవ్వండి. పని మానేసిన రోజే దాన్ని తొలగించండి.

వేలిముద్ర విషయంలో, పెద్దవారి వేళ్లపై గీతలు అరిగిపోయి, చర్మం పొడిబారి యంత్రం గుర్తించలేకపోవడం సాధారణం. కొనేముందే నాన్నగారి వేలితో పరీక్షించాలి. ఆ వివరాలు తాళంలోనే భద్రమవుతాయా లేక కంపెనీ సర్వర్‌కు వెళతాయా అన్నది కూడా తెలుసుకోండి.

ఇక హ్యాకింగ్ భయం కల్పన కాదు. 2016లో అమెరికాలో జరిగిన డెఫ్ కాన్ అనే హ్యాకర్ల సదస్సులో ఇద్దరు పరిశోధకులు తాము పరీక్షించిన 16 బ్లూటూత్ తాళాలలో 12 తెరవగలిగామని వెల్లడించారు. వాటిలో కొన్ని పాస్‌వర్డ్‌ను ఏ మరుగూ లేకుండా గాలిలోకి పంపేవి. 2019లో కీవీ అనే తాళంలో ఎఫ్-సెక్యూర్ అనే సైబర్ భద్రతా సంస్థ లోపాన్ని కనిపెట్టినా, లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చే ఏర్పాటే ఆ తాళంలో లేకపోవడంతో అప్పటికే అమ్ముడైనవాటిని సరిచేయడం సాధ్యం కాలేదు. అందువల్ల నేను అన్నిటికన్నా ఎక్కువ బరువిచ్చే ప్రశ్న ఇది: ఈ తాళానికి ఎన్నేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు ఇస్తారు? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం తయారీదారులు ఆ గడువును ప్రకటించాలి. మీరు చూస్తున్న మోడల్ అక్కడ కూడా అమ్ముడవుతుంటే ఆ వివరం కంపెనీ వెబ్‌సైట్‌లో దొరకవచ్చు.

ఫోన్ దగ్గరికి రాగానే దానంతటదే తెరుచుకునే సదుపాయాన్ని ఆపివేయండి. దూరంగా ఉన్న ఫోన్ సంకేతాన్ని తాళం వరకు చేరవేసి బ్లూటూత్ తాళాలను మోసగించవచ్చని 2022లో ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా సంస్థ నిరూపించింది. యాప్ ప్రధాన ఖాతా మీ దగ్గరే ఉంచుకుని, దానికి రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ వంటి మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. ఫోన్ చేసి తీయగా మాట్లాడి పెద్దవారి చేత ఓటీపీ చెప్పించేవారు ఎందరో ఉన్న ఈ రోజుల్లో, ఆ బాధ్యత నాన్నగారిపై పెట్టకపోవడమే మంచిది.

రెండో సమాధానం:

నేను తలుపుల పని చేయిస్తుంటాను కాబట్టి తలుపు సంగతి చెబుతాను. తాళం ఎంత మంచిదైనా, దాని నాలుక దిగే ఇనుప పలకను ద్వారబంధానికి పొట్టి మరలతో బిగిస్తే ఒక్క తన్నుకు ఊడివస్తుంది. కొయ్య లోపలికి లోతుగా దిగే పొడవాటి మరలు వేయించండి. మూత చాటున ఉండే తాళంచెవి రంధ్రాన్ని కూడా పరిశీలించండి, ఎందుకంటే అక్కడ నాసిరకం సిలిండర్ (తాళంచెవి దూరి తిరిగే భాగం) ఉంటే దొంగకు పిన్‌తో పనే లేదు. లోపలివైపు పిడి తిప్పితే బ్యాటరీ లేకున్నా తలుపు తెరుచుకోవాలి. అగ్నిప్రమాదం జరిగినప్పుడు ప్రాణాలు దక్కేది దానివల్లనే. బిగించేవారు తమ వేలితోనే పరీక్షించి చూపుతారు కనుక, వారు వెళ్లాక తాళంలో నమోదైనవన్నీ చెరిపి కొత్తగా ఉన్నప్పటి స్థితికి మార్చి, మాస్టర్ పిన్ (తాళం అమరికలను మార్చగల ప్రధాన పిన్) మీరే పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. కరెంటు పోతే ఏమవుతుంది? అమ్మ రాత్రిళ్లు లోపల గడియ కూడా వేస్తుంది. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

తాళం బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా పిన్ పనిచేస్తుంది. వై-ఫై రూటర్ ఆగిపోతే మాత్రం మీరు బెంగళూరు నుంచి తెరవలేరు. అందుకే ఇంటర్నెట్ లేకున్నా చెల్లే తాత్కాలిక పిన్‌ను యాప్‌లో తయారుచేసి ఫోన్‌లో చెప్పగలిగే తాళాలను చూడండి. ఆల్కలైన్ బ్యాటరీలే వాడండి. అవి పూర్తిగా అయిపోతే బయటినుంచి 9 వోల్టుల బ్యాటరీతో గానీ యూఎస్‌బీ-సి తీగతో గానీ కాసేపు శక్తినిచ్చే వీలుండాలి. మామూలు తాళంచెవిని ఇంట్లో కాకుండా నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉంచండి.

గడియ సంగతి చాలా ముఖ్యం. అది వేసి ఉంటే ఏ పిన్నూ ఏ తాళంచెవీ పనిచేయవు. రాత్రి నాన్నగారు జారిపడితే తలుపు పగలగొట్టాల్సి వస్తుంది. లోపలినుంచి వేసుకునే రాత్రి గడియ కూడా తాళంలోనే ఉండి, మాస్టర్ పిన్‌తో గానీ తాళంచెవితో గానీ దాన్ని బయటినుంచి తీయగలిగే మోడల్‌ను తీసుకుని, అమ్మగారికి ఒకటి రెండు రాత్రులు దగ్గరుండి అలవాటు చేయించి, ఆమెకు ధైర్యం కుదిరాకనే పాత గడియను తీయించండి.