వేల జీన్లకు టెస్టులు: ముందు ఫిల్టర్ చేస్తే ఎఫ్‌డీఆర్ (ఎంచుకున్నవాటిలో సగటున తప్పుడువాటి వాటా) లెక్క చెల్లుతుందా?

ఎలుకల కాలేయం ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఏ జీన్ ఎంత చురుగ్గా ఉందో కొలిచే పద్ధతి) డేటా ఇది. మందు ఇచ్చినవి 6, ఇవ్వనివి 6, జీన్లు 18,000. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో, గ్రూపుల మధ్య తేడా ఉన్న జీన్లను వెతికే లిమ్మా-వూమ్‌తో నడిపితే పీ-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనిపించే అవకాశం) 0.05 లోపు వచ్చినవి 1,140. మందు అసలు పని చేయకపోయినా ఉత్తి పుణ్యానికే 900 దాకా రావాలి కాబట్టి ఆ లిస్టు చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. బాన్‌ఫెరోనీ సవరణ (0.05ను జీన్ల సంఖ్యతో భాగించడం) పెడితే గీత 0.0000028కి దిగిపోయి ఒక్క జీనూ మిగల్లేదు. ఎఫ్‌డీఆర్‌ను అదుపులో ఉంచే బెంజమిని-హాక్‌బర్గ్ పద్ధతితో 10% ఎఫ్‌డీఆర్ దగ్గరా సున్నానే, అన్నిటికన్నా చిన్న సవరించిన పీ-విలువ 0.13. గ్రూపు లేబుళ్లు (ఏది మందు ఇచ్చిన ఎలుకో, ఏది కాదో చెప్పేవి) ఇష్టమొచ్చినట్టు తారుమారు చేసి నడిపితే 0.05 లోపువి 900 చుట్టూనే వస్తున్నాయి, అంటే టెస్ట్ బాగానే ఉందనుకుంటున్నా.

తర్వాత ఏ శాంపిల్ ఏ గ్రూపుదో చూడకుండా, మొత్తం 12 శాంపిళ్ల సగటు కౌంట్ (ఆ జీన్‌కు లెక్కకొచ్చిన ఆర్‌ఎన్‌ఏ ముక్కల సంఖ్య) 10 కన్నా తక్కువున్న జీన్లు తీసేస్తే 11,000 మిగిలాయి, 10% దగ్గర 9 జీన్లు నిలిచాయి. వేరే కటాఫ్‌లు పెట్టి చూడలేదు, కావాలనే. మా సీనియర్ ఒకాయన మాత్రం ఇది డేటాను పిండి ఫలితం రాబట్టడమే అంటున్నారు.

మొదటి ఫలితం చూశాకే ఈ ఫిల్టర్ పెట్టాను, అయినా అది లేబుళ్లు చూడలేదు కాబట్టి ఆ 9 జీన్లకు 10% ఎఫ్‌డీఆర్ అని రాయొచ్చా?