ల్యాప్‌టాప్ ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంచాలా, 80 శాతం దగ్గర ఆపాలా?

పల్నాటి వాసి:
రెంటచింతల పక్క ఊళ్లో ఉంటూ హైదరాబాదులోని ఒక సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం కొన్న ల్యాప్‌టాప్ ఉదయం తొమ్మిదింటి నుంచి రాత్రి ఏడింటి దాకా ఛార్జర్‌కు తగిలించే ఉంటుంది. పోయిన వారం విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీసి చూశాను. కొత్తలో దాని సామర్థ్యం 50,000 మిల్లీవాట్ అవర్లు. ఇప్పుడు నిండా ఛార్జ్ అయినా 38,600 దగ్గరే ఆగిపోతోంది. సైకిళ్ల సంఖ్య (మొత్తం సామర్థ్యమంత వాడకం పూర్తయితే ఒక సైకిల్) చూస్తే 61 మాత్రమే ఉంది. పెద్దగా వాడని బ్యాటరీ ఇంతలా ఎలా అరిగిపోయిందో నాకు అంతుపట్టడం లేదు.

ఇంట్లో దీని మీద రెండు వాదాలు నడుస్తున్నాయి. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేలా సెట్టింగు పెట్టమని తమ్ముడు అంటున్నాడు. ట్రాక్టర్ బ్యాటరీలు, ఇన్వర్టర్ బ్యాటరీలు పాతికేళ్లుగా చూస్తున్న మా నాన్నగారేమో, బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంటేనే దానికి ఆయుష్షని, సగం ఖాళీగా ఉంచితే పాడవుతుందని గట్టిగా చెబుతున్నారు. పైగా మాకు వేసవిలో మధ్యాహ్నం పూట కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లే నడుస్తాయి. ఆ సమయంలో చేతిలో ఉండే 20 శాతాన్ని వదులుకోవడం తెలివైన పనేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సర్వీస్ బల్ల:
మీ నాన్నగారు చెప్పినది తప్పు కాదండి, అది వేరే రకం బ్యాటరీకి వర్తించే మాట. ఇన్వర్టర్లలో ఉండేది లెడ్ యాసిడ్. దాన్ని తక్కువ ఛార్జ్‌తో వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా కరగదు, అందుకే దానిని నిండుగా ఉంచి, డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ కాపాడుకుంటాం. ల్యాప్‌టాప్‌లో ఉండేది లిథియం అయాన్. దాని స్వభావం ఇంచుమించు ఇందుకు తలకిందులు. ఒక సెల్ నిండినప్పుడు వోల్టేజీ 4.2 దాకా వెళుతుంది, కొత్త రకాల్లో 4.35, 4.4 దాకా కూడా పోతుంది. అంత వోల్టేజీ దగ్గర గంటల తరబడి ఉంటే లోపలి ఎలక్ట్రోలైట్ ద్రవం మెల్లగా చెడుతుంది. సెల్ లోపల గ్రాఫైట్‌తో చేసిన రుణ ధ్రువం వైపు ఒక పొర మందంగా పెరుగుతూ, తిరిగి పనికిరాని విధంగా కొంత లిథియాన్ని తనలో బంధించేస్తుంది. వేడి తోడైతే ఈ రెండూ పరుగెత్తుతాయి. మీ యంత్రంలో సైకిళ్లు 61 మాత్రమే అయినా సామర్థ్యం పడిపోవడానికి కారణం ఇదే: మీ బ్యాటరీ వాడకం వల్ల కాదు, వేడిలో నిండుగా కూర్చోవడం వల్ల ముసలిదైంది.

చాలామంది "ఓవర్‌ఛార్జ్ అవుతుంది" అంటారు, ఆ భయం మాత్రం అక్కర్లేదు. నిండగానే లోపలి సర్క్యూట్ ఛార్జింగ్‌ను ఆపేస్తుంది, ఆ తర్వాత యంత్రం నేరుగా అడాప్టర్ కరెంటుతోనే నడుస్తుంది.

నా బల్ల మీదికి ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఒక ఫిర్యాదు గురించి చెప్పాలి. "టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదండి" అంటూ తెస్తారు. బల్ల మీద పెట్టి ఒక మూల వేలితో అదిమితే ల్యాప్‌టాప్ కుంటి పీటలా ఊగుతుంది, మూత మూస్తే ముందు వైపు సన్నని సందు మిగులుతుంది. కింది స్క్రూలు వదులు చేయగానే పలక దానంతట అదే పైకి లేస్తుంది, లోపల బ్యాటరీ పొరలు గాలి నిండిన దిండులా ఉబ్బి కనిపిస్తాయి. టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి నెట్టింది ఆ దిండే. ఎక్కడ వాడారని అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు: ఆఫీసు బల్ల మీద, ఎప్పుడూ ఛార్జర్‌తో. ఉబ్బినదాన్ని గుచ్చకండి, నొక్కి సరిచేయాలని చూడకండి. ఛార్జర్ తీసి, యంత్రం ఆపి, తెలిసినవారికి ఇవ్వండి.

లెక్కల మాస్టారు:
వివరణ బాగుంది, కానీ దాని నుంచి 80 శాతం సలహాకు దూకడం నాకు నచ్చలేదు. పల్నాటి వాసి గారి అంకెలనే తీసుకుందాం. రెండేళ్లు అశ్రద్ధగా వాడితే ఆయన బ్యాటరీ 38,600కు దిగింది. తొలిరోజు నుంచే 80 దగ్గర ఆపి ఉంటే, తొలిరోజు నుంచే ఆయన చేతికి అందేది 40,000. అంటే రెండేళ్ల తర్వాత వచ్చే నష్టానికి భయపడి, ఇంచుమించు అదే నష్టాన్ని మొదటిరోజే నెత్తికెత్తుకోవాలన్నమాట. వాన వస్తుందేమోనని కొన్న గొడుగు తడుస్తుందని చంకలో దాచుకున్నట్టుంది ఇది. ఇక డబ్బు లెక్కకు వద్దాం: నాలుగేళ్లకు నా యంత్రానికి అసలు కంపెనీ బ్యాటరీ 5,600 రూపాయలకు మార్పించుకున్నాను, నెలకు పంచితే దాదాపు 117 రూపాయలు. ఆ మాత్రం ఖర్చుకు రోజూ అంకెల కేసి చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

నల్లతెర:
మాస్టారూ, మీ లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. 80 దగ్గర ఆపినప్పుడు మిగిలిన 20 శాతం పోదు, పెట్టెలో ఉంటుంది. రేపు ప్రయాణం ఉందనుకుంటే ఈ రాత్రి పరిమితి తీసేస్తే 100కు చేరుతుంది. అరిగిపోయిన 11,400 మాత్రం ఏ సెట్టింగు మార్చినా తిరిగి రావు. పైగా అరుగుదల రెండో ఏడాదితో ఆగిపోదు.

కాడెక్స్ సంస్థ నడిపే బ్యాటరీ యూనివర్సిటీ ప్రచురించిన పట్టిక చూడండి. లిథియం బ్యాటరీని 25 డిగ్రీల దగ్గర ఏడాది పాటు ఊరికే ఉంచితే, 40 శాతం ఛార్జ్‌తో ఉన్నది 96 శాతం సామర్థ్యాన్ని నిలుపుకుంటుంది, నిండా ఉన్నది 80కి దిగుతుంది. 40 డిగ్రీల దగ్గర ఆ అంకెలు 85, 65 అవుతాయి. అవి నిల్వ ఉంచిన బ్యాటరీల అంకెలు కనుక మన వాడకానికి యథాతథంగా అంటవు, అయినా రోజంతా ఛార్జర్ మీదే ఉండే ల్యాప్‌టాప్ బ్యాటరీ చేసేది నిల్వ ఉండటమే కదా.

అంకెల కేసి చూస్తూ కూర్చోవలసిన పని కూడా లేదు. లెనోవోలో వాంటేజ్ అప్లికేషన్‌లో కన్జర్వేషన్ మోడ్ ఉంది, ఆసుస్ వాళ్లు 60, 80, 100 అని మూడు మెట్లు ఇచ్చారు, డెల్, హెచ్‌పీ యంత్రాల్లో చాలావాటికి విండోస్ కంటే ముందే నడిచే బయోస్ సెట్టింగుల్లోనే ఈ సదుపాయం ఉంటుంది. నేను లినక్స్‌లో టీఎల్‌పీ అనే విద్యుత్ పొదుపు ప్రోగ్రామ్‌తో 75 దగ్గర మొదలై 80 దగ్గర ఆగేలా ఒకసారి పెట్టి మరిచిపోయాను. యాపిల్ అయితే 2020లో మ్యాక్‌ఓఎస్ 10.15.5తో వినియోగదారుణ్ణి అడగకుండానే బ్యాటరీ గరిష్ఠ ఛార్జ్‌ను తగ్గించే ఏర్పాటు తెచ్చింది. తయారీదారులే ఇంత శ్రమ పడుతున్నారంటే అది ఉత్త చాదస్తం అనుకోలేం.

ఒక మాట మాత్రం మాస్టారి వైపే చెబుతాను. కొందరు 80కి రాగానే ఛార్జర్ పీకి, 40కి దిగగానే మళ్లీ గుచ్చి, రోజుకు నాలుగుసార్లు ఈ వ్రతం చేస్తుంటారు. దానివల్ల అనవసరపు సైకిళ్లు పెరుగుతాయి, పిన్ను వదులవుతుంది. సెట్టింగు లేని పాత యంత్రమైతే గుచ్చి వదిలేయడమే మేలు.

రెండో షిఫ్టు:
నేను 80 పరిమితి పెట్టి ఏడాదిన్నర వాడాను. ఒకరోజు ఛార్జర్ తీసి పనిచేస్తుంటే 31 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. పరిమితే బ్యాటరీని చంపిందనుకుని తీసేశాను. దీనికేమంటారు?

సర్వీస్ బల్ల:
అది మీటరు తప్పండి. బ్యాటరీలోని లెక్కించే చిప్ ఎప్పుడూ నిండు చూడక, అడుగూ చూడక అంచనా తప్పుతుంది. రెండు మూడు నెలలకోసారి 100 దాకా నింపి, 10 శాతం దాకా దించి, మళ్లీ నింపితే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అప్పుడు సెల్‌ను అనుమానించాలి. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల రోజుల్లో, తరచూ సగంలోనే ఛార్జ్ పెడితే సామర్థ్యం తగ్గే "మెమరీ" గుణాన్ని పోగొట్టడానికి పూర్తిగా దించేవాళ్లం, ఆ కారణం లిథియానికి లేదు, కాబట్టి వారం వారం దించకండి.

లెక్కల మాస్టారు:
20 శాతం పెట్టెలో ఉంటుందన్న మాట ఒప్పుకుంటున్నాను, నా పోలిక అక్కడ కుదరలేదు. అయినా నల్లతెర గారి పట్టికనే మరోసారి చదవండి: నిండా ఉన్న బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర 80 మిగిలితే, 40 డిగ్రీల దగ్గర 40 శాతమే ఛార్జ్ ఉన్నది కూడా 85కి పడిపోయింది. అంటే పల్నాడు ఎండలో వేడిని వదిలేసి పరిమితి ఒక్కటే పెట్టుకుంటే దక్కేది కొంతే. అందరూ 80 అంకెను జపిస్తున్నారు, ల్యాప్‌టాప్ కింద పరుపు ఉందా, బల్ల ఉందా అని ఒక్కరూ అడగలేదు. మంచం మీద దుప్పటి గాలి రంధ్రాలను మూసేస్తే లోపల ఎంత కాగుతుందో అరచేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న నా యంత్రంలో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి గరిష్ఠ ప్రాసెసర్ స్థితిని 100 నుంచి 99కి దించాను. దాంతో ప్రాసెసర్ అప్పుడప్పుడు అదనంగా పుంజుకునే టర్బో వేగం ఆగిపోయి ఫ్యాన్ రొద సగానికి తగ్గింది, ఎక్సెల్ పనిలో తేడా ఏమీ తెలియలేదు. మొదట ఇది చేయండి, పరిమితి సంగతి ఆ తర్వాత.

నల్లతెర:
రెండూ చేయడానికి అడ్డేముంది మాస్టారూ? అయినా వేడిదీ పెద్ద వాటాయే అన్నది నిజం, నేను దాన్ని ముందే చెప్పవలసింది. దానికి తోడు, స్లీప్‌లో పెట్టిన ల్యాప్‌టాప్‌ను బ్యాగులో తోసేసే అలవాటు కూడా మానాలి. కొత్త విండోస్ యంత్రాలు స్లీప్‌లో కూడా మధ్యమధ్య మేలుకుంటాయి, జిప్పు వేసిన బ్యాగులో ఆ వేడి ఎటూ పోదు. తెరిచిన పనిని డిస్క్‌లో దాచి యంత్రాన్ని పూర్తిగా ఆపేసే హైబర్నేట్ పెట్టుకోవడం మంచిది.

పల్నాటి వాసి:
మూడు వారాలయింది కాబట్టి ఏం చేశానో చెప్పడం మర్యాద. మాస్టారు పరుపు గురించి అడిగినప్పుడు నాకు సిగ్గేసింది. నేను పనిచేసేది పడమటి గోడ పక్కన మంచం మీద, మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ గోడ మీద చేయి ఆనదు. ఇప్పుడు బల్ల వేసుకుని తూర్పు గదిలోకి మారాను, ల్యాప్‌టాప్ వెనక రెండు మూతలు పెట్టి ఎత్తు చేశాను. ప్రాసెసర్ 99 దగ్గర ఉంది. పరిమితి 80 పెట్టాను, లైన్ మరమ్మతు ఉందని లైన్‌మన్ ముందు రోజు చెబితే మాత్రం ఆ ఉదయం 100కు మారుస్తున్నాను. చెప్పకుండా పోయిన రోజున 80తోనే గంటన్నర గడిచింది, మీటింగు ఆగలేదు. రిపోర్టులో అంకె పెరగలేదు, పెరుగుతుందని మీరెవరూ చెప్పనూ లేదు.

లెడ్ యాసిడ్ గురించి సర్వీస్ బల్ల గారు రాసినది నాన్నగారికి చదివి వినిపిస్తే సంతోషించారు. అయినా తెర మీద 80 కనిపించినప్పుడల్లా, ఛార్జర్ వదులైందేమోనని వచ్చి పిన్ను ఒకసారి లోపలికి నొక్కి వెళుతున్నారు.