తిరుపతిలో కొత్త హోటల్‌కు స్వామి పేరా, సొంత పేరా?

తిరుచానూరు రోడ్డు:
చిన్న హోటల్ పెడుతున్నాం. పొద్దున ఇడ్లీ, దోసె. మధ్యాహ్నం రాగి సంగటి, పప్పు, శనక్కాయల చట్నీ. అడ్వాన్స్ కట్టేశాం, బోర్డు ఒక్కటే ఆగింది. మా నాయన 'శ్రీ బాలాజీ' తప్ప ఇంకో పేరు ఒప్పుకోరు. నాకేమో 'సంగటి ముద్ద' అని పెట్టాలని ఉంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

కొర్లగుంట:
మీ నాయన మాటే వినండి. రైలు దిగిన యాత్రికుడికి మీరెవరో తెలీదు. ఆకలి మీదున్న తమిళాయనకో కన్నడాయనకో స్వామి పేరు కనిపిస్తే చాలు, ఇక్కడ శాకాహారమే ఉంటుందని ధైర్యంగా లోపలికొస్తాడు. పైగా కొండ కింద బతుకుతూ ఆయన పేరు కాక ఇంకెవరి పేరు పెట్టుకుంటాం?

భవానీనగర్:
గోవిందరాజస్వామి గుడి దగ్గర్నుంచి బస్టాండు దాకా బోర్డులు చదువుకుంటూ నడవండన్నా. బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, వెంకటేశ్వర, మళ్లీ బాలాజీ. నేను హోటళ్లకు పార్శిల్ డబ్బాలు వేస్తుంటాను. ఫోన్ రాగానే నేనడిగేది 'ఏ బాలాజీ?' అనే. 'మందుల షాపు పక్కన, మెట్లున్నది' అని చెప్తే గానీ బండి కదలదు. డెలివరీ పిల్లలకూ అదే తలనొప్పి. పక్క వీధి బాలాజీలో సాంబారు పులిసిపోతే, ఆ ఒక్క స్టారు మీ హోటల్ కింద పడుతుంది. యాత్రికుడు ఒక పూట తిని వెళ్లిపోతాడు. నెలంతా నడిపించేది ఊళ్లోవాళ్లే. వాళ్లు ఇంకొకరికి చెప్పాలంటే మీకంటూ ఒక పేరుండాలి.

ఆడిటర్ ఆఫీసు:
ట్రేడ్‌మార్కు అప్లికేషన్లు వేసే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఒక వ్యాపారాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి చూపలేని పేరుకు రిజిస్ట్రేషన్ రాదు. 2015లో సుప్రీంకోర్టు అగరబత్తులకు 'రామాయణ్' పేరు విషయంలో, పవిత్ర గ్రంథం పేరును ఒక్కరే తమ ట్రేడ్‌మార్కుగా చేసుకోలేరని చెప్పింది. దేవుడి పేరొక్కటే పెట్టుకుంటే దానిమీద మీకు గట్టి హక్కు రావడం కష్టం.

అలాగని 'సంగటి ముద్ద' కూడా గట్టిది కాదు. అమ్మే వస్తువు పేరే అది. రేపు ఎదురుగా ఇంకొకరు అదే పెడితే ఆపడం కష్టం. దానికి ముందు మీ ఇంటి పేరో, అవ్వ పేరో చేర్చండి. బోర్డు రాయించే ముందు ట్రేడ్‌మార్కు వెబ్‌సైటులో వెతకండి, ఉచితమే. ట్రేడ్‌మార్కుల్లో వ్యాపారాలను క్లాసులుగా విడదీస్తారు, హోటళ్లు 43వ క్లాసు. మన అప్లికేషన్లు చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి గానీ ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. రిజిస్ట్రేషన్ వస్తే అప్లికేషన్ వేసిన రోజు నుంచి పదేళ్లు ఉంటుంది, మళ్లీ రెన్యువల్ చేసుకోవాలి. స్వీట్లు కూడా పెడితే 'తిరుపతి లడ్డూ' అన్న పేరు జోలికి పోవద్దు. దానికి 2009లోనే టీటీడీ పేరిట జీఐ, అంటే ఒక ప్రాంతపు సరుకు పేరుకు చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది.

కొర్లగుంట:
రిజిస్ట్రేషన్ లేకుండానే ఏళ్ల తరబడి నడుస్తున్న బాలాజీలు ఎన్ని లేవు? జనం తినేది సంగటిని, సర్టిఫికెట్‌ను కాదు.

బైరాగిపట్టెడ:
నన్ను బాధపెట్టేది వేరే ఉంది. మా వీధి కాలువలో పార్శిల్ కవర్లు తేలుతుంటాయి, వాటి మీద స్వామి పేరు, నామాలు. తిన్నాక ఆ కవర్‌ను ఎవరు కళ్లకద్దుకుని దాచుకుంటారు? భక్తి ఉంటే గల్లాపెట్టె వెనక పటం పెట్టి రోజూ పూలు వేయండి. ఇంకోటి, సంగటి అన్నాక రేపు ఎవరో ఒకరు నాటుకోడి పులుసు అడుగుతారు. స్వామి పేరు పెట్టుకుని వడ్డించడానికి మీకు మనసొప్పుతుందా?

తిరుచానూరు రోడ్డు:
నాయనకు అన్నీ చదివి వినిపించాను. చట్టం సంగతికి ఊరికే తలూపారు. కాలువలో కవర్ల మాట మాత్రం మళ్లీ చదవమన్నారు. ఆదివారాలు నాటుకోడి పెడదామన్నది కూడా ఆయనే. ఇప్పుడు అవ్వ పేరుతో వెతుకుతున్నా.

కొర్లగుంట:
నాటుకోడి ఉంటే స్వామి పేరు వద్దే వద్దు. శాకాహారం ఒక్కటే అయితే మాత్రం నేను ఇప్పటికీ బాలాజీనే అంటాను. ఏ పేరు పెట్టినా కింద తమిళంలో కూడా రాయించండి.