1789కి ముందు అమెరికాలో కేంద్రం చేతిలో ఏముండేది?

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నానండీ. అమెరికాకి 1781లోనే ఒక రాజ్యాంగం లాంటిది అమల్లోకి వచ్చిందని మా పుస్తకంలో ఒక్క పేరాతో సరిపెట్టారు. అప్పట్లో కేంద్రం, రాష్ట్రాలు అధికారాన్ని ఎలా పంచుకున్నాయి?

జవాబు 1: దాన్ని ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అంటారు. 1789లో ఇప్పటి రాజ్యాంగం అమల్లోకి వచ్చేదాకా అదే నడిచింది. యుద్ధం, సంధులు, తపాలా కాంగ్రెస్‌వి (రాష్ట్రాల ప్రతినిధుల సభ, అప్పట్లో కేంద్రం అంటే అదే). మిగతాదంతా దాదాపుగా 13 రాష్ట్రాలదే. చిన్నదైనా పెద్దదైనా రాష్ట్రానికి ఒక్క ఓటు. ముఖ్యమైన నిర్ణయాలకు 9 రాష్ట్రాలు చాలు గానీ, ఆర్టికల్స్‌ని సవరించాలంటే 13కి 13 ఒప్పుకోవాలి. అసలు దెబ్బ అక్కడే పడింది. పన్ను వేసే హక్కు కాంగ్రెస్‌కి లేదు, రాష్ట్రాలను అడిగి అవి ఇచ్చినంత పుచ్చుకోవాలి. దిగుమతులపై 5 శాతం సుంకం వేద్దామంటే ఆర్టికల్స్‌ని సవరించాలి, దానికి 1782లో రోడ్ ఐలాండ్ రాష్ట్రం అడ్డం తిరిగింది. అంతే, మూలపడింది.

జవాబు 2: 1783 జూన్ సంగతి కూడా చూడండి. జీతాల బకాయిల కోసం సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ కూర్చునే భవనాన్ని చుట్టుముట్టారు. మిలీషియాను (రాష్ట్రం చేతిలోని పౌర సైన్యాన్ని) దింపమని అడిగితే పెన్సిల్వేనియా ప్రభుత్వం దింపలేదు. కాంగ్రెస్ ప్రిన్స్‌టన్‌కి తరలిపోయింది! ఇది చదివిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మరి రాష్ట్రాలకు అంత పట్టుదల ఎందుకండీ?

జవాబు 1: బ్రిటిష్ పార్లమెంటు పన్నుల మీద తిరగబడ్డవాళ్లు కదా, దూరాన ఉన్న మరో సభకి అదే హక్కు ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆ భయాన్ని తీసిపారేయకండి. పైగా ఆ కాంగ్రెస్సే 1787లో నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ (ఒహాయో నదికి వాయువ్యాన ఉన్న ప్రాంతం పాలనకు చట్టం) చేసింది. 60,000 మంది స్వతంత్ర నివాసులు చేరిన ప్రాంతం పాత రాష్ట్రాలతో సమానంగా రాష్ట్రం కావచ్చు, అక్కడ బానిసత్వం నిషేధం. ఆన్సర్‌లో ఇది తప్పక రాయండి.