ప్రసూతి సెలవు ముగుస్తోంది: పాపను ఎవరి చేతుల్లో పెట్టడం?

ప్రశ్న:
మా పాపకు అయిదో నెల నడుస్తోంది. నా 26 వారాల ప్రసూతి సెలవు వచ్చే నెలతో పూర్తవుతుంది. ఆఫీసులో క్రెష్ ఉంది. తెనాలి నుంచి వచ్చి చూసుకుంటానని మా అత్తయ్యగారూ అంటున్నారు గాని, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మొదటి రెండేళ్లలో పడిన పునాదే జీవితమంతా నిలుస్తుందని చదివినప్పటి నుంచి, రోజుకు తొమ్మిది గంటలు పాపకు దూరంగా ఉండి తీరని అన్యాయం చేస్తానేమోనన్న దిగులు పట్టుకుంది. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1 (పిల్లల వార్డులో నర్సుగా పనిచేశాను):
అమ్మా, మీరు చదివినది అబద్ధం కాదు గాని, ఎటువంటి పిల్లలను చూసి ఆ మాట అన్నారో కూడా తెలుసుకోవాలి. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో, శరణాలయాల్లో పెరుగుతున్న 136 మంది పసివారిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి, ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికిన పిల్లలు మిగిలినవారి కంటే బాగా కోలుకున్నారు. శరణాలయంలో వారికి కరువైనది ఏడిస్తే పలికే మనిషి, రోజూ కనిపించే ఒకే ముఖం. మీ పాప పరిస్థితి అది కాదు.

1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, బిడ్డను ఆడిస్తున్న తల్లులను కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చోమన్నారు. పిల్లలు మొదట నవ్వించబోయి, చేతులు చాచి, చివరికి ముఖం తిప్పేసుకున్నారు. పక్కనే ఉండి ఫోన్‌లో మునిగిపోయినా బిడ్డకు అలాగే తోస్తుందని నా అభిప్రాయం.

జవాబు 2:
నాది మీ అత్తగారి వయసు. మనవడికి నీళ్లు పోసేటప్పుడు పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద వాడిని బోర్లా వేసుకుని, శనగపిండితో నలుగు పెడుతూ, "ఇదిగో, చెంబు వస్తోంది" అని ప్రతి పనీ చెప్పి మరీ చేసేదాన్ని. ఆరో నెలకల్లా చెంబు చప్పుడు వినగానే, నీళ్లు పడకముందే కళ్లు మూసుకునేవాడు! స్నానం మీరు చేయించి, మెత్తటి అన్నం తినిపించడం, ఊసులాడటం ఆవిడకు వదలండి.

జవాబు 3:
యాభై మందికి తగ్గకుండా ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలనీ, తల్లిని రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోనివ్వాలనీ చట్టమే చెబుతోంది. గోడల మీది బొమ్మలు చూసి మురిసిపోకండి. ఒక్కో ఆయమ్మ చేతిలో ఎంతమంది ఉన్నారో, అదే ఆయమ్మ ఎన్నాళ్లుగా ఉందో అడగండి. మా బాబును వేసిన చోట, వాడు మాలిమి అయ్యేలోపే ఆయమ్మ మారిపోయేది; మూడో మనిషి వచ్చాక వాడు నా చంక దిగనన్నాడు. ఎనిమిదో నెల ప్రాంతంలో కొత్త ముఖాలకు బెదరడం ఎక్కువవుతుంది కనుక ఇప్పటి నుంచే రోజుకో గంట అలవాటు చేయండి.

ప్రశ్న అడిగినవారు:
రేపు పాపను తీసుకుని వెళ్లి క్రెష్‌లో గంటసేపు కూర్చుంటాను. నలుగు సంగతి అత్తయ్యగారికి చదివి వినిపిస్తే, ఎత్తు పీట తెచ్చిపెడితే నీళ్లు కూడా తనే పోస్తానన్నారు.