ఛాతీల మంట: కడుపుల ఆమ్లం ఎక్కువైతనా, తక్కువైతనా?

హన్మకొండ చౌరస్తా:
వాట్సాప్‌ల ఒక ముచ్చట తిరుగుతాంది. "మంట ఆమ్లం తక్కువైతేనే వస్తది. గ్యాస్ గోలీ బందువెట్టి పడిగడుపున రెండు చెంచాల యాపిల్ సైడర్ వెనిగర్ తాగున్రి" అని. నిజమేనా?

కాజీపేట జంక్షన్:
మంటొచ్చే చానామందికి ఆమ్లం మామూలుగనే ఉంటది. అన్నవాహిక అడుగున బిర్రుగ ఉండాల్సిన కండరం తిన్నంక మాటిమాటికి వదులైతది, ఆమ్లం పైకెక్కుతది. లావు పొట్ట, గర్భం, హయటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలకు జరుగుడు) ఉంటె ఇంకింత.
ఇగ వెనిగర్ లెక్క చూడున్రి. పడిగడుపున కడుపు పీహెచ్ (ఆమ్లం గాఢత చెప్పే అంకె) 1.5 దగ్గర, వెనిగర్‌ది 2.5 నుంచి 3. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆమ్లం గాఢత పదో వంతుకు పడుతది. అంటే వెనిగర్ పోస్తే కడుపుల ఆమ్లం పలచవడుతది గని పెరుగది. పండ్ల మీది ఎనామిల్ మాత్రం అరుగుతది.

మట్టెవాడ:
ఆగున్రి. ముసలోళ్లకు ఆమ్లం తగ్గుతది అంటరు, మరి మంట ఎందుకు పోదు? గోలీ మింగినా కొందరికి గొంతులకు ఎక్కుతనే ఉంటది కదా?

కాజీపేట జంక్షన్:
ఆమ్లం తగ్గేది ముసలోళ్లందరికీ కాదు. హెలికోబ్యాక్టర్ పైలోరి అనే కడుపుల బాక్టీరియా ఏండ్లకేండ్లు ఉండి కడుపు పొర అరిగినోళ్లకే ఎక్కువ తగ్గుతది. గసొంటోళ్లకు మంట తక్కువనే. గోలీ ఎక్కుడును ఆపది, ఎక్కేదాని పులుపు తగ్గిస్తది, అంతే.

ములుగు రోడ్:
అసలు రుజువు వేరే ఉంది. ఏ మంటా లేనోళ్లకు 8 వారాలు గోలీ ఇచ్చి ఆపితే కొందరికి కొత్తగ మంట మొదలైంది. గోలీ ఆపంగనే ఆమ్లం ఎగదన్నుతది మరి. ఆమ్లం తక్కువైతే మంటొస్తదంటె ఇదెట్ల జరుగుతది? అందుకే ఒక్కసారి బందువెట్టొద్దు, డాక్టర్‌నడిగి డోసు తగ్గించుకుంట రావాలె.
పాంటోప్రజోల్ అనే గ్యాస్ గోలీ తిన్నంక మింగితే పని సరిగ చేయది. ఆమ్లం తోడే పంపులు బువ్వకే మేల్కొంటయి, మందు మేల్కొన్నవాటినే మూస్తది. తినే 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలె.
రాత్రి మంటకు మంచం తలకాడి కోళ్ల కింద ఇటుకలు పెట్టి 6 నుంచి 8 అంగుళాలు లేపున్రి. దిండ్ల మీద దిండ్లు పేరిస్తే నడుం కాడ మడతవడి పొట్ట మీద ఇంకా ఒత్తుడైతది.

మట్టెవాడ:
మరి వంటసోడా పరీక్ష? పావు చెంచా నీళ్లల్ల కలిపి తాగి, 5 నిమిషాలల్ల తేన్పు రాకపోతే ఆమ్లం తక్కువ అంటరు.

ములుగు రోడ్:
మింగిన గాలికి గూడ తేన్పొస్తది. దానితోని ఏం తేలది. ఆమ్లం పైకెక్కుతాందా తేల్చెతందుకు ముక్కులకెళ్లి అన్నవాహికలకు సన్నతీగ దించి 24 గంటలు చూస్తరు. అన్నవాహికల పీహెచ్ 4 కిందికి పడ్డ సమయం 6 శాతం దాటితే రోగమే, 4 శాతం లోపలైతే మామూలు.

మట్టెవాడ:
4కూ 6కూ నడుమ ఉన్నోళ్లు?

ములుగు రోడ్:
గక్కడ డాక్టర్లే ఒక్క మాట మీద ఉండరు.